వీధికి అడ్డంగా బండ్లు పెడితే ఎవరికి చెప్పాలి? మున్సిపాలిటీకా, పోలీసులకా?

మా ఇల్లు కాలువ గట్టు దిగి లోపలికి వెళ్లే వీధిలో ఉంది. వీధి మొదట్లో ఒక ఫంక్షన్ హాలు. రెండేళ్ల కిందట మాఘమాసంలో, గట్టి ముహూర్తం ఉన్న రాత్రి మా నాన్నగారికి ఊపిరి ఆడలేదు. 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ త్వరగానే వచ్చింది. కానీ వీధి మొదట్లోనే ఆగిపోయింది. రెండు పక్కలా కార్లు, మధ్యలో ఒక ట్రావెల్స్ బస్సు, దాని డ్రైవరు ఎక్కడో భోజనాల దగ్గర. నాన్నగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకుంటూ అంబులెన్స్ దాకా తీసుకెళ్లాం. ఆయన బతికి బయటపడ్డారు. ఆ కుర్చీ మోసిన దూరం మాత్రం నేను మర్చిపోలేను.

ఆ తర్వాత నాలుగు నెలలు తిరిగాను. మున్సిపల్ ఆఫీసుకు వెళితే "బండ్లు మా పరిధి కాదండీ, స్టేషన్‌కు వెళ్లండి" అన్నారు. స్టేషన్‌కు వెళితే "అక్కడ నో పార్కింగ్ బోర్డే లేదు కదా, ముందు మున్సిపాలిటీతో బోర్డు పెట్టించండి" అన్నారు. రెండు మాటల్లోనూ సగం నిజం ఉందని తర్వాత తెలిసింది. మిగతా సగం నాకు తెలియకపోవడం వల్లే అన్నిసార్లు తిరగాల్సి వచ్చింది. మీకు ఆ తిప్పలు తప్పాలని, ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం, నరసాపురం, రామచంద్రపురం వంటి మున్సిపాలిటీల్లో ఉన్నా, రాజమండ్రి, కాకినాడ, ఏలూరు వంటి కార్పొరేషన్లలో ఉన్నా పద్ధతి దాదాపు ఒకటే.

ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి

నేలకు అతుక్కున్నది మున్సిపాలిటీది, చక్రాల మీద నిలబడింది పోలీసులది. చట్టంలో ఈ మాటలు ఇలాగే ఉండవు కానీ నూటికి తొంభై సందర్భాల్లో ఇది సరిపోతుంది.

దీని వెనక ఉన్న లెక్క ఇది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణతో పన్నెండో షెడ్యూలు వచ్చింది. పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ పనులన్నీ అందులో ఉన్నాయి. 17వ అంశంలో వీధి దీపాలు, బస్టాపులు, మరుగుదొడ్లతో పాటు పార్కింగ్ స్థలాలు కూడా ఉన్నాయి. అంటే బండి పెట్టుకోవడానికి చోటు చూపించడం, ఆ చోటును బాగుచేయడం, ఫీజు పెట్టాలా వద్దా తేల్చడం, రోడ్డు మీదకు వచ్చిన అరుగులు, రేకుల షెడ్లు తీయించడం మున్సిపాలిటీ పని. బండిని కదిలించడం, దానికి చలాన్ రాయడం 1988 మోటారు వాహనాల చట్టం కిందికి వస్తాయి. రోడ్డు మీద ఆ చట్టాన్ని నడిపించేది పోలీసులు, రవాణా శాఖ అధికారులు. 127వ సెక్షన్ అయితే ఇంకా స్పష్టంగా చెబుతుంది: పార్కింగ్ నిషేధించిన చోట పెట్టిన బండిని, లేదా బహిరంగ స్థలంలో పది గంటలో ఆపైనో దిక్కూమొక్కూ లేకుండా వదిలేసిన బండిని లాక్కెళ్లాలన్నా, చక్రానికి తాళం వేయాలన్నా, ఆ పరిధిలో యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి ఇవ్వాలి. ఆ బండి ట్రాఫిక్‌కు ప్రమాదంగా ఉంటే వెంటనే తీయించవచ్చు. లాక్కెళ్లిన ఖర్చు బండి యజమానిదే.

కాబట్టి పార్కింగ్ ఫీజు వసూలు చేసే పాటదారు మీ బండికి తాళం వేస్తానని బెదిరిస్తే ఆ అధికారం ఆయనకు లేదు. అలాగే రోడ్డు మీదకు కట్టిన అరుగును ట్రాఫిక్ కానిస్టేబుల్ పగలగొట్టలేదని కోప్పడి లాభం లేదు, అది ఆయన చేయాల్సిన పని కాదు.

మొదట రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

మన గోదావరి డెల్టాలో ఇది చిక్కు ప్రశ్న. ఒకే ఊళ్లో అర కిలోమీటరు నడిస్తే రోడ్డుకు ముగ్గురు యజమానులు తగులుతారు. లోపలి వీధులు మున్సిపాలిటీవి. ఊరి మధ్య నుంచి వెళ్లే పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లది కావచ్చు. అమలాపురం, నరసాపురం వైపు 216 జాతీయ రహదారి, భీమవరం మీదుగా పామర్రు నుంచి దిగమర్రు వెళ్లే 165 జాతీయ రహదారి, తణుకు, రావులపాలెం వైపు 16వ నంబరు రహదారి ఉన్నాయి. వీటన్నిటికీ తోడు కాలువ గట్లు. గట్టు మీద తారు వేసి ఉన్నా, దుకాణాలు ఉన్నా, ఆ నేల చాలా చోట్ల జలవనరుల శాఖది. గట్టు మీద బండ్లు పెట్టుకోవడానికి స్టాండు కావాలని మున్సిపాలిటీని అడిగితే, వాళ్లు ఇరిగేషన్ వాళ్ల అనుమతి లేకుండా ఏమీ చేయలేరు.

తెలుసుకోవడం కష్టమేం కాదు. కిలోమీటరు రాయి ఉంటే దాని పైభాగం రంగు చూడండి. పసుపు అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజన కింద వేసిన పల్లె రోడ్డు. రాయి లేకపోతే మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడగండి. 2019 అక్టోబరులో సచివాలయాలు వచ్చాక ఈ ఒక్క పని బాగా తేలికైంది. మా వీధి సంగతి నాకు అక్కడే పది నిమిషాల్లో తేలింది.

రోడ్డు ఎవరిదైనా పోలీసుల అధికారం మాత్రం మారదు. జాతీయ రహదారి మీద అడ్డంగా పెట్టిన లారీకైనా, మీ సందులో పెట్టిన కారుకైనా మోటారు వాహనాల చట్టం ఒకటే. "అది హైవే వాళ్లది" అని ఎవరైనా అంటే, ఆ మాట బోర్డుకు, గీతకు, ఆక్రమణకు వర్తిస్తుంది కానీ బండికి వర్తించదని మర్యాదగా చెప్పండి.

తర్వాత, అడ్డం ఏమిటో విడదీయండి

మీ వీధి మొదట్లో నిలబడి పది నిమిషాలు చూడండి. దారి దేనివల్ల ఇరుకైందో ఒక కాగితం మీద రాయండి. చాలాసార్లు బండి ఒక్కటే కారణం కాదు. కిరాణా షాపు బస్తాలు నాలుగు అడుగులు ముందుకు వస్తాయి, వాటి ముందు బైకులు పెడతారు, బైకుల వెనక సరుకు దించే వ్యాను ఆగుతుంది. అప్పుడు వ్యాను మీద చలాన్ రాసినా రేపు ఇంకో వ్యాను వస్తుంది. బస్తాలు వెనక్కి వెళితే బైకులు వెనక్కి వెళతాయి, వ్యానుకు చోటు వస్తుంది. ఇక్కడ మున్సిపాలిటీ ముందు కదలాలి, పోలీసులు తర్వాత.

మెకానిక్ షెడ్డు వాళ్లు రిపేరుకు వచ్చిన బండ్లను రోడ్డు మీదే వారాల తరబడి ఉంచితే ఇద్దరికీ పని ఉంటుంది. బండ్లను తీయించేది పోలీసులు. ఆ షెడ్డుకు ట్రేడ్ లైసెన్స్ ఇచ్చేది మున్సిపాలిటీ, లైసెన్స్ కొనసాగించాలా వద్దా అనేది వాళ్ల చేతిలో ఉంటుంది. పాత కార్లు అమ్మేవాళ్లు రోడ్డు వారనే వరసగా పెట్టి అమ్మకానికి చూపించడం కూడా ఇలాంటిదే.

తోపుడు బండ్ల విషయంలో మాత్రం తొందరపడి అర్జీ పెట్టకండి. చక్రాలు ఉన్నాయి కదా అని అవి మోటారు వాహనాలు కావు. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు రక్షణ ఇచ్చింది. ఆ చట్టం ప్రకారం ఏర్పడే టౌన్ వెండింగ్ కమిటీకి కమిషనర్ అధ్యక్షుడు, సభ్యుల్లో ట్రాఫిక్ పోలీసులు ఉంటారు, కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్లను ఎక్కడికి మార్చాలన్నా ఆ కమిటీలో మాట్లాడాలి. పొద్దున్నే ఆకుకూరల బండి పెట్టుకునే మనిషి వల్ల మీ అంబులెన్స్ ఆగదు. ఆ బండి ముందు కారు ఆపి అరగంట కబుర్లు చెప్పేవాళ్ల వల్ల ఆగుతుంది.

బోర్డు లేకపోతే చలాన్ రాయకూడదా?

నన్ను అందరికంటే ఎక్కువగా తిప్పించిన ప్రశ్న ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

బండి ఎక్కడ పెట్టకూడదో కొన్ని చోట్లను రోడ్డు నియమాలే చెబుతాయి. కూడలి దగ్గర, మలుపులో, వంతెన ఎక్కే మిట్ట మీద, ఫుట్‌పాత్ మీద, పాదచారులు దాటే చారల దగ్గర, బస్టాపు దగ్గర, బడి లేదా ఆసుపత్రి గేటు దగ్గర, ఇంటి గేటుకు అడ్డంగా, అప్పటికే ఆగి ఉన్న బండి పక్కన రెండో వరసలో. ఇక్కడ పెట్టడం తప్పు కావడానికి ప్రత్యేకంగా బోర్డు అక్కర్లేదు. మన ఊళ్లలో కాలువల మీద ఎన్ని వంతెనలు ఉన్నాయో తలుచుకోండి. ప్రతి వంతెన ఎగుడు దగ్గర రెండు ఆటోలు, ఒక కొబ్బరికాయల వ్యాను ఉంటాయి. అవన్నీ బోర్డు లేకుండానే తప్పు చోట ఉన్నట్టు లెక్క.

రెండోది, చోటు ఏదైనా సరే, ట్రాఫిక్‌కు అడ్డం అయ్యేలా బండి నిలబెడితే మోటారు వాహనాల చట్టంలో 201వ సెక్షన్ ఉంది. 500 రూపాయల వరకు జరిమానా, పైగా లాక్కెళ్లిన ఖర్చు. ప్రమాదం కలిగేలా వదిలేయకూడదని 122వ సెక్షన్ చెబుతుంది. సాధారణ తప్పులకు 177వ సెక్షన్ కింద చట్టంలో పైపరిమితి మొదటిసారి 500, మళ్లీ చేస్తే 1500 రూపాయలు. ఇక 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 285వ సెక్షన్ ఉంది. బహిరంగ దారికి అడ్డం కలిగిస్తే, అది బండి అయినా సరుకు అయినా, 5000 రూపాయల వరకు జరిమానా. పాత ఐపీసీలో ఇదే తప్పుకు 200 రూపాయలే ఉండేది.

మరి బోర్డు ఎప్పుడు కావాలి? మామూలుగా అయితే బండి పెట్టుకోవడానికి ఇబ్బంది లేని వెడల్పాటి రోడ్డు వారన, సంత రోజుల వల్లో, బడి వేళల వల్లో, ఒక పక్క మాత్రం ఆపకూడదని కొత్తగా నిర్ణయించాలనుకున్నప్పుడు కావాలి. ఆ నిర్ణయానికి 117వ సెక్షన్ దారి చూపుతుంది. పార్కింగ్ స్థలాలను నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం, లేదా ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారి. అయితే ఆ ప్రాంతపు స్థానిక సంస్థను సంప్రదించి మాత్రమే. 2019 సవరణలో ఒక మంచి మాట కూడా చేర్చారు: ఇలాంటి స్థలాలు నిర్ణయించేటప్పుడు రోడ్డు వాడేవాళ్లందరి భద్రతకు, ట్రాఫిక్ సాఫీగా సాగడానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. ఆ "సంప్రదించి" అన్న మాట దగ్గరే రెండు ఆఫీసులు కలవాలి. అక్కడ కలవకపోతేనే మనం బంతిలా అటూ ఇటూ తిరుగుతాం.

కొందరు తమ షాపు ముందు సొంతంగా నో పార్కింగ్ బోర్డు పెట్టి, రాళ్లు, పూలకుండీలు, తాళ్లు అడ్డం పెడతారు. ఆ బోర్డుకు చట్టబలం లేదు. ఆ రాళ్లే ఆక్రమణ. మీ ఇంటి గేటుకు అడ్డంగా ఎవరూ పెట్టకూడదు, అది మీ హక్కు. గేటు పక్కన ప్రహరీ పొడవునా ఉన్న రోడ్డు మాత్రం మీ సొంతం కాదు.

ఫోటోలు, కొలతలు

అర్జీ రాసే ముందు వారం రోజులు ఆధారాలు పోగుచేయండి. ఒకే సమయంలో రోజూ ఒక ఫోటో చాలు. బండి నంబరు కనిపించేది ఒకటి, వీధి మొత్తం కనిపించేలా దూరం నుంచి ఒకటి. తేదీ, సమయం నోట్‌బుక్‌లో రాసుకోండి. టేపు తీసుకుని రోడ్డు వెడల్పు ఎంత, బండ్లు పోగా మిగిలింది ఎంత కొలవండి. మా వీధి 20 అడుగులు. ముహూర్తం రాత్రి మిగిలింది 7 అడుగులు. ఆ రెండు అంకెలు చూపించాక కమిషనర్ గారు నన్ను కూర్చోమన్నారు. అంతకుముందు నాలుగుసార్లు నిలబడే మాట్లాడాను.

బండి పెట్టినవాళ్లతో గొడవ పడకండి, గాలి తీయకండి, గీతలు పెట్టకండి. వాళ్ల తప్పు మీ తప్పుగా మారిపోతుంది.

అర్జీ ఒకటే, చిరునామాలు రెండు

నేను చేసిన పెద్ద పొరపాటు, మున్సిపాలిటీకి ఒక కాగితం, స్టేషన్‌కు వేరే కాగితం ఇవ్వడం. ఎవరి కాగితం మీద వాళ్లు "మాకు సంబంధం లేదు" అని రాసుకున్నారు. ఒకే కాగితం మీద ఇద్దరి పేర్లూ పైన రాసి, ఎవరి పని ఏదో లోపల విడదీసి రాస్తే తప్పించుకునే వీలు తగ్గుతుంది. మీకు పనికొస్తుందని నమూనా ఇస్తున్నాను:

"గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి, గౌరవనీయులైన పోలీస్ స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. ఫలానా వార్డు, ఫలానా వీధి నివాసులం చేసుకుంటున్న విన్నపం. మా వీధి వెడల్పు 20 అడుగులు. ఫలానా తేదీల్లో రెండు పక్కలా వాహనాలు నిలపడం వల్ల 7 అడుగులే మిగిలింది, అంబులెన్స్, ఫైరింజన్ లోపలికి రాలేకపోతున్నాయి. ఫోటోలు జతపరిచాం. పోలీసు వారు మోటారు వాహనాల చట్టం 122, 127, 201 సెక్షన్ల ప్రకారం వాహనాలపై చర్య తీసుకోవాలని, మున్సిపాలిటీ వారు రోడ్డు మీది ఆక్రమణలు తొలగించి, ఒక పక్క పార్కింగ్ నిషేధానికి ప్రతిపాదన పంపి, గీతలు, బోర్డులు ఏర్పాటు చేయాలని, ఇద్దరూ కలిసి ఒకసారి స్థలం పరిశీలించాలని కోరుతున్నాం."

కింద సంతకాలు పెట్టించండి. పది ఇళ్లవాళ్లు పెడితే ఒక బరువు ఉంటుంది. ఆ వీధి షాపులవాళ్ల సంతకాలు రెండైనా ఉంటే ఇంకా మంచిది, లేకపోతే వ్యాపారులకు వ్యతిరేకం అనే మాట వస్తుంది. రెండు చోట్లా ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టు కాదు. "రైటర్ గారు లేరు, పెట్టి వెళ్లండి" అంటే సాయంత్రం మళ్లీ వెళ్లండి.

ఇది నెమ్మదిగా నడిచే పని. ఇప్పుడే, ఈ క్షణమే దారి మూసుకుపోయి ఉంటే కాగితం కాదు, 112కి ఫోన్ చేయండి. వేసవిలో తాటాకిళ్ల పక్కన సందులు మూసుకుపోతే ఇక ఆలోచించకండి, వెంటనే చేయండి.

కదలకపోతే

పదిహేను రోజులు చూడండి. తర్వాత సోమవారం ప్రజా ఫిర్యాదుల రోజుకు వెళ్లండి. కలెక్టరేట్‌లోనూ, ఎస్పీ ఆఫీసులోనూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక పాలకొల్లు, నరసాపురం వాళ్లకు భీమవరం, కోనసీమ వాళ్లకు అమలాపురం దగ్గరయ్యాయి. మునుపటిలా ఏలూరు, కాకినాడ దాకా పోనక్కర్లేదు. నా సలహా, కలెక్టరేట్‌లోనే ఇవ్వండి, ఎందుకంటే రెండు శాఖలకూ ఒకే చోటి నుంచి కాగితం వెళుతుంది. అర్జీలో "ఈ విషయాన్ని జిల్లా రోడ్డు భద్రతా కమిటీలో పెట్టండి" అని ఒక వాక్యం చేర్చండి. ఆ కమిటీ మోటారు వాహనాల చట్టం 215వ సెక్షన్ ప్రకారం ఏర్పడింది. కలెక్టర్, పోలీసులు, రవాణా శాఖ, ఆర్ అండ్ బీ అధికారులు ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు అది. "మాది కాదు" అనే మాట ఆ బల్ల దగ్గర చెల్లడం కష్టం.

అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు. మున్సిపాలిటీకి 10 రూపాయల రుసుముతో అడగండి. తెల్లకార్డు వాళ్లకు రుసుము లేదు. మండల స్థాయి ఆఫీసుకు 5 రూపాయలు, గ్రామ స్థాయికి ఏమీ కట్టక్కర్లేదు. "నా అర్జీ మీద ఏ తేదీన ఎవరు ఏం రాశారో నోట్ ఫైలు నకలు ఇవ్వండి" అని అడగడం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వాళ్ల పరిధి కాకపోతే 5 రోజుల్లో సరైన ఆఫీసుకు వాళ్లే పంపాలి, మిమ్మల్ని పంపకూడదు.

శాశ్వతంగా అడ్డంగా ఉన్నది ఏదైనా ఉంటే ఆర్డీవో గారికి భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద అర్జీ పెట్టే దారి కూడా ఉంది. దానికి ఒక వకీలు సలహా తీసుకోవడం మంచిది.

ఫంక్షన్ హాళ్లు, ఆసుపత్రులు, కాంప్లెక్సులు

అసలు జబ్బు చాలా ఊళ్లలో ఇక్కడే ఉంటుంది. రోడ్డు మీద ఉన్న కార్లు లోపల ఉండాల్సినవి. 2017 మార్చిలో వచ్చిన జీవో 119 భవన నిర్మాణ నియమాల ప్రకారం ఏ రకం భవనానికి ఎంత పార్కింగ్ వదలాలో లెక్క ఉంది. ప్లానులో పార్కింగ్ అని చూపించిన సెల్లార్‌లో తర్వాత గోడౌనో, ల్యాబో, వంటశాలో పెడితే అది ప్లానుకు విరుద్ధం. దీని మీద చర్య తీసుకోవాల్సింది మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగం. పోలీసులు ఎన్ని చలాన్లు రాసినా ఇది తీరదు.

సమాచార హక్కు కింద ఆ భవనం ఆమోదిత ప్లాను నకలు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారం కట్టారు, వాడుకోవచ్చు అని ఇచ్చే పత్రం) నకలు అడగండి. ప్లానులో పార్కింగ్ ఎక్కడ చూపించారో, ఇప్పుడు అక్కడ ఏముందో ఒక పేజీలో రాసి టౌన్ ప్లానింగ్ అధికారికి ఇవ్వండి. మా వీధి హాలు వెనక ఖాళీ స్థలం ఉంది. ప్లానులో అదే పార్కింగ్. పదేళ్లుగా షామియానా సామాన్లు పెడుతున్న ఆ చోటు పార్కింగ్‌కు చూపించిందని ఆ నకలు చూసేదాకా మా వీధిలో ఎవరికీ తెలియదు.

ఫీజు వసూలు చేస్తుంటే

మన వైపు దీన్ని కూడా ఆశీలు అనే అంటారు. మున్సిపాలిటీ వేలం పెడుతుంది, పాడుకున్నవారు వసూలు చేస్తారు. రేట్ల బోర్డు ఎక్కడుందో అడగండి, రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోయినా, పాడుకున్న హద్దు దాటి రోడ్డు మీద ఆగిన బండ్లకు కూడా డబ్బు అడుగుతున్నా కమిషనర్‌కు రాయండి. డబ్బు కట్టామని చెప్పి రెండో వరసలో పెడితే చలాన్ తప్పదు, ఆ రసీదు పోలీసుల ముందు పనిచేయదు.

పల్లెల్లో

పంచాయతీ అయితే కమిషనర్ బదులు పంచాయతీ కార్యదర్శి, సర్పంచి. పోలీసుల భాగం యథాతథం. ధాన్యం సీజన్లో లారీలు, రొయ్యల పట్టుబడి రోజుల్లో ఐస్ వ్యాన్లు చెరువు దారుల్లో బారులు తీరుతాయి. గ్రామసభలో పెట్టి ఒక ఖాళీ స్థలం చూపిస్తే సగం తగ్గుతుంది. పోలీసులు వేరే ఊరి నుంచి రావాలి, రోజూ రాలేరు.

తీర్థాలకు, పండగలకు

శనివారం వాడపల్లి వెంకన్న గుడికి, భీష్మ ఏకాదశికి అంతర్వేదికి, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లినవాళ్లకు తెలుసు, కారు ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద టెన్షన్. ఇలాంటి రోజులకు మోటారు వాహనాల చట్టంలో 115వ సెక్షన్ వీలు ఇస్తుంది. నెల రోజులకు మించని ఆంక్షలకు గెజిట్ అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. దారి మళ్లింపు పోలీసులు చూస్తారు, తాత్కాలిక పార్కింగ్ పొలం చదును, లైట్లు, నీళ్లు స్థానిక సంస్థ చూస్తుంది. మీ వీధి ఆ దారిలో ఉంటే పండగకు నెల ముందే రాసి ఇవ్వండి. 2015 తర్వాత 2027లో గోదావరి పుష్కరాలు. రేవుల దగ్గర ఉన్న వీధులవాళ్లు అంబులెన్స్‌కు ఏ సందు ఖాళీగా ఉంచాలో కొలతలతో సహా రాసి పెట్టుకోవాలి.

మీకే చలాన్ వస్తే

ఫోటో చూడండి. నంబరు మీదేనా, చోటు అదేనా, సమయానికి మీరు అక్కడ ఉన్నారా. తప్పు మీదైతే కట్టేయండి. కాకపోతే చలాన్ నోటీసులో చూపిన మార్గంలో అభ్యంతరం పెట్టండి. మున్సిపాలిటీకి వెళ్లి లాభం లేదు. పెట్టిన చోట బండి కనిపించకపోతే దొంగతనం అనుకునే ముందు దగ్గరి స్టేషన్‌లో అడగండి, లాక్కెళ్లి ఉంటే ఖర్చుకు రసీదు తీసుకోండి. బండి అమ్మేసి పేరు మార్పించకపోతే చలాన్లు మీ పేరు మీదే వస్తాయి. అమ్మినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి.

మా వీధి సంగతి

ఇద్దరు అధికారులు కలిసి వచ్చి చూసేసరికి ఏడో నెల వచ్చింది. ఇప్పుడు కాలువ వైపు పసుపు గీత, రెండు బోర్డులు ఉన్నాయి. హాలు వెనక స్థలం ఖాళీ అయింది, అక్కడ ముప్పై కార్లు పడతాయి. అయినా గట్టి ముహూర్తాల్లో మళ్లీ రోడ్డు మీదకు వస్తున్నారు. అందుకని మా వీధివాళ్లం ఒక అలవాటు చేసుకున్నాం. ఉగాదికి పంచాంగం కొనగానే పెళ్లి ముహూర్తాల తేదీలన్నీ ఒక కాగితం మీద రాస్తాం. ఒక కాపీ స్టేషన్‌లో, ఒక కాపీ కమిషనర్ ఆఫీసులో, ఒక కాపీ హాలు మేనేజర్ గారికి ఇస్తాం. ఆ రాత్రుల్లో ఎనిమిదింటికి ఒక కానిస్టేబుల్ గారు వచ్చి వీధి మొదట్లో నిలబడతారు. ఆయనకు మా అమ్మ టీ పంపిస్తుంది.